నేను తిన్నగా చేసిన పైపు

సముద్రం అడుగున ఒక పైపు వంగింది. ఆ వంపును మా మనిషి ఒకడు చూశాడు, నాకు చెప్పాడు, కంప్యూటర్‌లో గుర్తు పెట్టాడు. ఆ గుర్తును నేను తీసేశాను. ఏడాది తర్వాత పెద్దవాళ్లు ఒక గదిలో కూర్చుని ఆ వంపు సంగతి మీ రికార్డులో ఎందుకు లేదని అడిగితే, "అక్కడ ఏ గుర్తూ లేదు సార్" అన్నాను. అది అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా నోటికి వచ్చింది. గుర్తు తీసేసింది నేనేనన్న మాట మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

సముద్రంలో పైపులైన్ల సర్వే పనికి పోదామనుకునే పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తారు. ఏ కోర్సు చదవాలి, ఏ సర్టిఫికెట్ కావాలి, జీతమెంత అని అడుగుతారు. అవన్నీ కంపెనీలవాళ్లు నాకన్నా అందంగా రాసి పెట్టారు. నేను ఆ పని అసలు ఎలా ఉంటుందో, అందులో నేనేం పాడు చేశానో రాస్తాను. బీపీ చూసి ఓడ ఎక్కడానికి డాక్టర్లు ఒప్పుకోకపోవడంతో రిటైరయ్యాను. ఇప్పుడు వికారాబాద్‌లో ఇంట్లో కూర్చున్నాను. తీరిక ఉంది.

నీళ్ల కింద ఏం కొలుస్తారు

మాది ధారూర్ దగ్గర పల్లె. గొర్లు కాసే ఇల్లు. పాలిటెక్నిక్‌లో నేను నేర్చుకున్నది భూమి సర్వే. సముద్రాన్ని మొదటిసారి చూసింది ఉద్యోగంలో చేరడానికి పోయినప్పుడే. దాని మీద పని చేస్తానని చెబితే మా నాయనకు నమ్మకం కుదరలేదు.

"సముద్రంల ఏం కొలుస్తవురా? నీళ్లా?"

"నీళ్ల అడుగున పైపులుంటయి నాయినా. అవి ఉన్నకాడ ఉన్నయా, జరిగినయా, వంగినయా అని చూస్తం."

"వంగితే నిలబెడ్తరా?"

"మేం నిలబెట్టం. వంగిందని చెప్తం."

"చెప్పుటానికి జీతమిస్తరా?"

ఇచ్చారు. చెప్పడానికే ఇచ్చారు.

పైపు ఎందుకు వంగుతుందో ఇక్కడే చెబుతాను. భూగర్భం నుంచి వచ్చే చమురు వేడిగా ఉంటుంది. ఆ వేడికి ఉక్కు పైపు పొడుగు కావాలనుకుంటుంది. రెండు చివరలూ బిగించి ఉంటాయి, కింద ఇసుక పట్టి ఉంచుతుంది. పొడుగు కావడానికి చోటు దొరకదు. అప్పుడు ఎక్కడో ఒకచోట, ఇసుక పట్టు తక్కువున్న చోట, పక్కకు జరిగి మెలిక తిరుగుతుంది. ఇంజినీర్లు దీన్ని బక్లింగ్ అంటారు. ఓడ మీద తెలుగువాళ్లం వంపు అనుకునేవాళ్లం. అన్ని వంపులూ ప్రమాదం కాదు. కొన్నింటికి ముందే చోటు వదిలి పైపు వేస్తారు. ఎవరూ అనుకోని చోట వచ్చే వంపుతోనే భయం. చమురు వదిలినప్పుడు ముందుకు, ఆపినప్పుడు వెనక్కి, అక్కడే మళ్లీ మళ్లీ ఆడుతుంది. ఇనుప తీగను చేత్తో అటూ ఇటూ వంచి విరవడం మీకందరికీ తెలుసు.

ఓడ నుంచి కెమెరాలున్న యంత్రాన్ని తాడుతో దింపుతాం. మా వాడుకలో ఆర్వోవీ. అది పైపు వెంబడి పోతూ ఉంటుంది. అది ఎక్కడుందో ఓడకు చెప్పడానికి దాని నెత్తిన శబ్దం చేసే పరికరం ఒకటి ఉంటుంది, దాన్ని బీకన్ అంటాం. పైపు దారిని గీతగా గీసి, పోయిన ఏడాది గీత మీద పెట్టి చూస్తాం. ఒకడు స్క్రీన్ ముందు కూర్చుని, కనబడిందల్లా గుర్తు పెడుతుంటాడు. రాయి, వల ముక్క, పైపు కింద ఖాళీ, ఏదైనా సరే. ఒక ఓడ మీద పని చేస్తుంటే ఒక చేప పైపు వెంట చాలాసేపు యంత్రంతోపాటు వచ్చింది. దానికీ గుర్తు పెట్టారు. పని అంటే ఇదే. చాలా భాగం బురద నీళ్లను చూస్తూ నిద్ర ఆపుకోవడం.

వంపుల నర్సిములు

నా మొదటి పెద్దసారు మీనన్ గారు. కేరళ మనిషి. గట్టిగా అరవడు. అరిస్తే బాగుండేది.

చేరిన కొత్తలో ఒక పైపు పొడుగునా పక్కకు జరిగిపోయిందని నేను కనిపెట్టాను. పరిగెత్తుకుంటూ పోయి చెప్పాను. ఓడను ఆపారు. తీరానికి కబురు పోయింది, అక్కడినుంచి ఇంజినీర్లు హెలికాప్టర్‌లో వచ్చారు. చివరికి తేలిందేమిటంటే, ఓడ ఎక్కడుందో చెప్పే యాంటెన్నా ఓడ మధ్యగీతకు కుడివైపు ఉంది, నేను కంప్యూటర్‌లో ఎడమవైపు అని కొట్టాను. పైపు ఉన్నచోటే ఉంది. జరిగింది నేను.

మీనన్ గారు అందరి ముందు ఒకటే మాట అన్నారు. "ఈయన సముద్రంలో ఉక్కును వంచగలడు. బలమైన కుర్రాడు." ఆ రోజు నుంచి ఓడ మీద నా పేరు వంపుల నర్సిములు. వంటవాడు కూడా అదే పేరుతో పిలిచేవాడు. తర్వాత నేను వేరే ఓడకు పోతే, పేరు నాకంటే ముందే అక్కడికి చేరింది.

సాయంత్రం మీనన్ గారు నన్ను విడిగా పిలిచి నేర్పిన పాఠం మాత్రం మంచిది. గీత జరిగితే ముందు నిన్ను అనుమానించు, తర్వాత యంత్రాన్ని, చివరగా పైపును. యంత్రం తప్పయితే మొదటినుంచి చివరిదాకా అదే తప్పు ఉంటుంది. పైపు వంగితే ఒక్కచోటే జరిగి, మళ్లీ తన దారికి వస్తుంది. అనుమానం తీరకపోతే యంత్రాన్ని వెనక్కి తిప్పి ఇంకోసారి నడిపించు.

పాఠంలో మొదటి భాగం నాకు బాగా ఎక్కింది. ఇంకోసారి నడిపించమన్న భాగం, మీరు చూడబోతున్నారు కదా.

సామ్యెల్

సామ్యెల్‌ది తాండూరు. వాళ్ల నాయన కందిచేలల్లో కూలికి పోయి చదివించాడు. నేను పార్టీ చీఫ్ అయ్యాక, అంటే ఓడ మీద సర్వే అంతటికీ పెద్దనయ్యాక, మనూరి దిక్కు పిల్లాడని నేనే కంపెనీకి చెప్పి పనిలో పెట్టించాను. స్క్రీన్ ముందు కూర్చుని గుర్తులు పెట్టే పని. ఆ పనికి అతనికన్నా సరైన మనిషి నాకు దొరకలేదు. బురదలో మునిగిన గాజుసీసాను కూడా వదిలేవాడు కాదు.

ఓడ మీద వంటవాడు పప్పులో చక్కెర వేసేవాడు. సామ్యెల్ భార్య సుగుణ ప్రతిసారీ ఒక డబ్బా కందిపొడి కట్టి పంపేది. అందులో సగం నాకు. "అన్నకు ముందు పెట్టు, నువ్వు ఎనక తిను" అని ఆమె హుకుం. కొన్ని నెలల పాటు నేను ఆ డబ్బా మీద బతికానంటే అతిశయం కాదు.

ఆ మధ్యాహ్నం

పడమటి సముద్రంలో పని. గాలి లేచి యంత్రాన్ని పైకి తీశాం. గాలి తగ్గాక మళ్లీ దింపాం. కాస్త దూరం పోయేసరికి గీత పోయిన ఏడాది దారిలో లేదు, పక్కన ఉంది. ఓ మంచం వెడల్పు, తర్వాత గది వెడల్పు.

నా మనసులో మొదట వచ్చింది: బీకన్. తీసి పెట్టడంలో సరిగ్గా కూర్చోలేదు.

"అన్నా, జర ఇటు జూడు" అన్నాడు సామ్యెల్. "గీడ పైపు పండుకున్న జాగ మారింది."

"పైపు పండుకుంటదా, లేస్తదా? సక్కగ చెప్పు."

"ఎడమదిక్కు కెమెరా జూడే. ఇసుకల కాలువ లెక్క ఉన్నది గద. పాత జాగ గదే. ఆడికెల్లి ఈడిదాంక ఇసుక ఊడ్చినట్టున్నది. పాకురు లేదు, ఏం లేదు. మొన్న మొన్ననే జరిగింది."

చూశాను. మా నాయన మందను ఎవరి చేనులోనన్నా నిలిపి, తెల్లారి తోలుకుపోయాక అక్కడ నేల ఎలా ఉంటుందో నాకు తెలుసు. గొర్లు కనబడకపోయినా, ఎక్కడ పడుకున్నాయో ఎటు లేచి పోయాయో కనబడుతుంది. స్క్రీన్ మీద ఉన్నది అదే. చిన్నప్పటి నుంచి నేను చదివిన అక్షరం అది.

"మన మిషన్ దింపినప్పుడు నేలకు తాకి ఊడ్చి ఉంటది" అన్నాను.

"గింత దూరం ఊడిసిందా? గట్లయితే దానికి సుత జీతమియ్యాలె అన్నా."

ఇద్దరం నవ్వాం. అతను గుర్తు పెట్టాడు. ఏమని పెట్టాడో నాకు ఈ రోజుకీ తెలుసు: పైపు పక్కకు జరిగింది, పాత జాడ ఎడమన, మళ్లీ చూడాలి.

"మల్ల ఒక్కసారి నడిపిద్దమా?" అని అడిగాడు.

మళ్లీ నడిపించాలంటే ఓడ ఇంకో పూట ఆగాలి. మళ్లీ గాలి వస్తుందని కబురు. చమురు కంపెనీ తరఫున మా పనిని చూడడానికి వచ్చిన మనిషి, అప్పటికే గది గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఇవన్నీ నిజమే. కానీ నన్ను ఆపింది ఇవి కావు. ఈసారి కూడా పైపు ఉన్నచోటే ఉంటే, వంటవాడు ఏమని పిలుస్తాడోనని ఆలోచించాను. ఒక మనిషి బతుకు మీద ఇంత ప్రభావం చూపిన భయానికి ఇంతకంటే గౌరవమైన కారణం ఉండాలని చాలా వెతికాను. దొరకలేదు.

బీకన్ తప్పని రాసుకుని, ఆ భాగం గీతనంతా పాత గీత మీదికి జరిపాను. కొంత దూరం పోయాక ఒక చిక్కు వచ్చింది. అసలు పైపు తనంతట తానే పాత దారికి వచ్చేసింది. బీకన్ తప్పయితే రాకూడదు. మీనన్ గారు నేర్పిన పాఠం నా ఎదురుగా స్క్రీన్ మీద గీతలా వంగి కూర్చుంది. గీతలను నునుపు చేసే సాధనం ఒకటి కంప్యూటర్‌లో ఉంటుంది. నీళ్లలో శబ్దం వల్ల వచ్చే చిన్న వణుకులు తీయడానికి ఇచ్చారు. దాంతో ఆ మిగిలిన వంపును కూడా తీసేశాను. ఉక్కును వంచిన బలమైన కుర్రాణ్ని కదా, ఈసారి తిన్నగా చేశాను.

తిన్నని గీత పక్కన "పైపు పక్కకు జరిగింది" అన్న గుర్తు ఒక్కటీ మిగిలింది. చూడ్డానికి బాగా లేదు. సామ్యెల్ షిఫ్టు దిగి పడుకున్నాక దాన్నీ తీసేశాను. కంపెనీ మనిషి పని శుభ్రంగా ఉందని మెచ్చుకున్నాడు.

కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట. నునుపుచేసే సాధనం చెడ్డది కాదు. కానీ అది వాడాక మీ మనసు హాయిగా అనిపిస్తే, చేయి తీసేసి ఒకసారి ఆలోచించండి. కొలతకు మన హాయితో పని లేదు.

ఆ గదిలో

మరుసటి ఏడాది ఆ పని వేరే కంపెనీకి పోయింది. వాళ్లకు వంపు కనబడింది. అప్పటికి ఇంకా పెరిగింది, పై పూత పగిలింది. చమురు బయటికి రాలేదు. పైపును ఆపి బాగు చేశారు. తర్వాత మమ్మల్ని పిలిచారు.

మా పాత వీడియో వేశారు. ఊడ్చిన ఇసుక, పాత జాడ, అన్నీ గోడంత పెద్దగా కనబడ్డాయి. స్క్రీన్ ముందు ఎవరు కూర్చున్నారు అని అడిగారు. పేరు చెప్పాను. ఇంత స్పష్టంగా ఉంటే గుర్తు పెట్టలేదా అన్నారు. "అక్కడ ఏ గుర్తూ లేదు సార్." మీ గీత తిన్నగా ఎందుకుందని కూడా అడిగారు. బీకన్ తేడా అనుకుని సరిచేశామన్నాను, స్క్రీన్ ముందున్న మనిషి హెచ్చరించి ఉంటే మళ్లీ చూసేవాళ్లమని మా మేనేజర్ అందుకున్నాడు. నేను అతని వైపు చూశాను. తల ఊపలేదు. ఊపలేదని చాలా ఏళ్లు నాలో నేను చెప్పుకున్నాను, అదేదో ఘనకార్యమైనట్టు.

సామ్యెల్ అప్పుడు వేరే ఓడ మీద ఉన్నాడు. అక్కడినుంచి దింపి ఇంటికి పంపారు. ఈ వ్యాపారం చిన్నది. పని మీద కునుకు తీసిన మనిషి అని ఒకచోట అంటే అన్నిచోట్లా వినబడుతుంది. అతను నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, నేను గుర్తు పెట్టిన గద. నీకు చూపిచ్చిన గద. జర సార్లకు చెప్పు."

"నాకు సరిగ్గ యాదికి లేదు సామ్యెల్. చూస్త."

చూస్తానన్నాను. చూడలేదు. ఆ తర్వాత అతను రెండు మూడుసార్లు చేశాడు, నేను ఎత్తలేదు. తర్వాత చేయడం మానేశాడు. నాకు కందిపొడి రావడం కూడా ఆగిపోయింది. నేను చాలా కాలం అదొక్కటే నష్టమన్నట్టు నడుచుకున్నాను.

సామ్యెల్ బిడ్డ

ఈ మధ్య ఒక పొద్దున్న మా గేటు దగ్గర ఒక అమ్మాయి నిలబడింది. ఆదివారం అనంతగిరికి పోయే బైకులవాళ్లు దారి అడగడానికి ఆగుతుంటారు, అలాగే అనుకున్నాను.

"పెద్దనాయినా, నేను రూతు. తాండూరు సామ్యెల్ బిడ్డను."

కూర్చోమన్నాను. కూర్చుంది. మా ఆవిడ ఛాయ్ తెచ్చేలోపు వచ్చిన పని చెప్పేసింది. ఇంజినీరింగ్ అయిపోయింది. సముద్రం సర్వే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ముంబయిలో చేరాలి.

"మంచిదే గదమ్మా. నాయిన ఏమంటుండు?"

"నాయినే వద్దంటుండు. గా పనిల కన్ను మంచిగుండాలె బిడ్డా, నా కన్ను నన్ను మోసం చేసింది, నీకు నా కన్నే వచ్చింది, వద్దు అంటుండు. మాట్లాడుడే బంద్ చేసిండు."

"కన్ను మోసం చేసుడేంది?"

"మీకు తెల్వదా? వంగిన పైపు ముంగటికెల్లి పోతుంటే నాయిన చూసుకోలేదంట. కునుకు పట్టినట్టున్నది అంటడు. మా చర్చిల ఏటా లేసి సాక్ష్యం చెప్తడు. నేను పని మీద నిద్రపోయిన, దేవుడు ఆ పైపు పలగకుంట కాపాడిండు అని. పాస్టర్‌గారు సుత మెలకువగుండాలె అని చెప్పాల్సొస్తే మా నాయిన ముచ్చటనే చెప్తరు."

నా చేతిలో ఛాయ్ ఉంది. దాన్ని కింద పెట్టాను.

"మొదట్ల గట్ల అనకపోతుండెనంట" అంది రూతు. "నేను గుర్తు పెట్టిన, పెట్టిన అని ఒక్కటే మొత్తుకుంటుండెనంట. అమ్మ చెప్తది. ఇగ అందరు లేదు లేదు అంటుంటే, పెద్దన్న సుత యాదికి లేదన్నడు, ఆయన అబద్ధం చెప్పడు గద, నేనే పెట్టలేదేమో అనుడు మొదలుపెట్టిండంట."

పెద్దన్న అంటే నేను.

ఉద్యోగం పోయిందని తెలుసు. తాండూరులో నాపరాయి బండల పని చేసుకుంటున్నాడని ఎవరో చెప్పగా విన్నాను. అతను నా మీద కోపంగా ఉంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ కోపం మీదే నేను ఇన్నాళ్లు నిబ్బరంగా ఉన్నాను. ఒకడు తిడుతున్నాడంటే, నిజం ఒకడి దగ్గరైనా భద్రంగా ఉన్నట్టే కదా. కానీ అతను తిట్టలేదు. నన్ను నమ్మి, తన కళ్లను నమ్మడం మానేశాడు.

"మీరు చెప్తే వింటడు పెద్దనాయినా. తప్పు ఎవరికన్న అయితది, బిడ్డను పోనియ్యి అని ఒక్క మాట చెప్పుండ్రి. చాలు."

"చెప్త" అన్నాను.

తాండూరు

మరునాడు రైలెక్కాను. తాండూరులో దిగితే ముందు బండల పొడి పలకరిస్తుంది. సామ్యెల్ బండల షెడ్డు స్టేషన్‌కు దూరమేమీ కాదు. తెల్లటి పొడిలో మనిషి తెల్లగా ఉన్నాడు. జుట్టు నెరిసిందో, పొడో తెలియలేదు. పాలిష్ మిషన్ నడుస్తోంది. నన్ను చూసి ఆపాడు.

"అన్నా! నువ్వేంది ఈడ? బండలు కావాల్నా?"

"బండలు వద్దు. నీతో మాట్లాడాలె."

రూతు పంపిందని అతనికి వెంటనే అర్థమైంది. ముఖం బిగుసుకుంది. "బిడ్డ ముచ్చటైతే వద్దన్నా. నీ మాట తీసెయ్యలేను, అందుకే ముందుగల్లనే చెప్తున్న."

"బిడ్డ ముచ్చట కాదు. ఆ గుర్తు ముచ్చట. నువ్వు పెట్టినవ్ సామ్యెల్. నేను తీసేసిన."

అతను మిషన్ మీద చేయి వేసి నిలబడ్డాడు. మొత్తం చెప్పాను. బీకన్, నునుపు చేసిన గీత, అతను పడుకున్నాక నేను చేసిన పని, ఆ గది, ఆ ఫోన్. మధ్యలో ఆపలేదు. అయిపోయాక ఒకటే అడిగాడు.

"ఏమని పెట్టిన?"

"పైపు పక్కకు జరిగింది, పాత జాడ ఎడమన, మళ్లీ చూడాలి."

"ఎడమన." పెదవులతో ఆ మాటను ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు. "ఎడమనే. ఇసుకల కాలువ. నాకు కలల సుత ఎడమనే కనబడుతుండె అన్నా. నిద్రపోయినోనికి ఎడమ ఎట్ల యాదికుంటది అని పరేషానయితుంటి."

లోపలినుంచి సుగుణ వచ్చింది. విన్నది. నన్ను తిట్టలేదు.

"నా చేతి కందిపొడి మంచిగుండెనా అన్నా?" అంది.

"మంచిగుండె."

"యాదికున్నదా? నీకు యాదికి ఉండదేమో అనుకున్న."

నేను నేల చూశాను. బండల పొడి తప్ప అక్కడ ఏమీ లేదు. మాఫ్ చేయమని సామ్యెల్‌ను అడగబోయాను. అతను చేయి ఎత్తాడు.

"ఈడ కాదు. ఈడ నువ్వు, నేను, ఈమె. నేను నలుగుర్ల లేసి తప్పు ఒప్పుకున్న అన్నా. ఏటా ఒప్పుకున్న. చెయ్యని తప్పుకు. ఇప్పుడు నేనే లేసి, నేను చెయ్యలేదని చెప్తే ఎవలు నమ్ముతరు? నువ్వొచ్చి చెప్పు."

"ఐతారం" అంది సుగుణ. "పొద్దుగాల ఆరాధనకు. మళ్ల చూస్త అనకు."

సాక్ష్యం

ఆదివారానికి ముందు నేను చేసిన ఇంకో పని కూడా రాయాలి. పాత కంపెనీకీ, పైపు సొంతదారులకూ జరిగిందంతా రాసి మెయిల్ పంపాను. మా కంపెనీని ఎవరో కొనేశారట, ఆ చిరునామా ఇప్పుడు లేదని మెయిల్ వెంటనే తిరిగి వచ్చింది. రెండోవాళ్ల నుంచి, మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు అని ఒక యంత్రం జవాబిచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. రికార్డు సరిచేయడానికి కూడా ఒక కాలం ఉంటుంది, అది దాటితే వినేవాడు మిగలడు. మిగిలినచోటుకు పోవాలి.

నేను చర్చిలో ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్పులు బయట విడిచి, మగవాళ్ల వైపు చివర కూర్చున్నాను. పాటలు అయ్యాక, ఎవరన్నా సాక్ష్యం చెప్పేవాళ్లు ఉన్నారా అని పాస్టర్‌గారు అడిగారు. సామ్యెల్ అలవాటుగా కొంచెం కదిలి, మళ్లీ కూర్చున్నాడు. నేను లేచాను.

పేరు చెప్పాను. ఈయన మీద పెద్దసారుగా పనిచేశానని చెప్పాను. పైపు వంపు ఏమిటో వాళ్లకు చెప్పడానికి తిప్పలు పడాల్సి రాలేదు. చర్చి వాకిట్లో ఎప్పుడో సందు లేకుండా పరిచిన బండలు ఎండకు ఒకదాన్నొకటి తోసుకుని ఒకచోట పైకి లేచి ఉన్నాయి. లోపలికి వస్తూ నేనే కాలు తట్టుకున్నాను. "గా వాకిట్ల బండలు లేసినట్టే, సముద్రంల పైపు జరిగింది. గది సామ్యెల్ చూసిండు. నిద్రపోలే. చూసి, నాకు చెప్పి, గుర్తు పెట్టిండు. నేను నా పేరు చెడుతదని భయపడి దాన్ని చెరిపిన. అడిగినప్పుడు చెప్పలే. ఈయన పని పోయింది."

ముందు వరసలో ఒక ముసలామె వెనక్కి తిరిగింది.

"అంటే మా సామ్యెల్ తప్పు లేనట్టేనా?"

"లేదమ్మా."

"నిద్ర వోలేదా?"

"వోలేదు."

"నేను ఈని నిద్ర కోసం ఎన్ని ఉపాసాలున్న!" అంది ఆమె. నా మీద కన్నా ఆ ఉపవాసాల మీదే ఆమెకు బాధ ఉన్నట్టుంది.

పాస్టర్‌గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎన్నో ప్రసంగాలు ఆయన కళ్లముందు తిరిగి ఉంటాయి. "మరి ఇన్నేండ్లు మనం చేసిన ప్రార్థనలు?" అని మెల్లగా, ఎవరినీ అడగనట్టు అడిగారు.

"గవి ఈయనకు మార్చుండ్రి పాస్టర్‌గారూ" అంది సుగుణ ఆడవాళ్ల వైపు నుంచి. "ఈయనకే ఎక్కువ అక్కెర."

అక్కడక్కడ నవ్వారు. సామ్యెల్ నవ్వలేదు. తల వంచుకుని కూర్చున్నాడు, భుజాలు కదులుతున్నాయి. పక్కనున్న ఆయన అతని వీపు మీద చేయి వేశాడు.

రూతు ఇప్పుడు ముంబయిలో ఉంది. ట్రెయినింగ్ అయిపోయింది, త్వరలో ఓడ ఎక్కుతుంది. పోయేటప్పుడు రైల్వేస్టేషన్‌కు వాళ్ల నాయన బ్యాగు మోసుకొచ్చాడని ఆమే ఫోన్‌లో చెప్పింది. సామ్యెల్ నాకు ఫోన్ చేయలేదు. అతను చేయాలని నేను కోరుకోవడం లేదు. కానీ ఆ ఆదివారం అతను తల ఎత్తేదాకా నేను నిలబడే ఉన్నాను. ముందు ఆడవాళ్ల వైపు తిరిగి రూతుతో, "నీకు మీ నాయిన కన్నే వచ్చింది బిడ్డా. గది మంచి కన్ను" అన్నాను. తర్వాత అతని వైపు తిరిగాను. ఏళ్ల కిందట ఫోన్‌లో అతను నన్ను చెప్పమని బతిమాలిన మాటలనే, అతను నన్ను చెప్పమన్న నలుగురి ముందు, చెప్పాను.

"నువ్వు గుర్తు పెట్టినవ్ సామ్యెల్. నాకు చూపిచ్చినవ్. నాకు ఆ రోజు సుత యాదికున్నది, ఈ రోజు సుత యాదికున్నది. నన్ను మాఫ్ చెయ్యి తమ్మీ."